మనలో మనకి మొహమాటమేంట్రా

బావకి చూపు ఆనడం లేదని బావతో చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? మూడు. "మీకు చూపు ఆనట్లేదు." ఈ మూడు ముక్కలు నోటికి రాక మనవాడు బజారుకెళ్ళి ఈల కొనుక్కొచ్చాడు. నవ్వకండి. ఇది నవ్వే కథ కాదు.

మనవాణ్ణి అందరూ జెండా అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది కానీ సొంత అక్క కూడా దాన్ని వాడటం మానేసింది. పెద్ద పెద్ద ఇనప ట్యాంకులు తయారుచేసే షెడ్డులో వాడి పని. పైకప్పు కింద పట్టాల మీద క్రేను నడుస్తుంటుంది. డ్రైవరు అంత ఎత్తున అద్దాల క్యాబిన్‌లో కూర్చుంటాడు. కింద నేల మీద నిలబడి ఎత్తు, దించు, ఎడమకి, కుడికి, ఆగు అని ఆయనకి చేతులతో సైగలు చేసేవాడు జెండా. ఒకప్పుడు ఆ పని నిజంగానే జెండాలతో చేసేవాళ్ళట. జెండాలు పోయాయి, పేరు మాత్రం వచ్చి వీడి నెత్తిన కూర్చుంది. పైనున్నవాడికి బరువు కింద ఎవరున్నారో కనపడదు. కిందనున్నవాడి చెయ్యి ఎటు తిరిగితే అటు నడపడమే ఆయన పని.

ఆ డ్రైవరు ఎవరో కాదు, జెండా అక్క మొగుడే.

అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయాక, చిన్న పిల్లాడు సంచి చంకన పెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. కొత్త ఇల్లు, కొత్త మనిషి. నాలుగు మెతుకులు కతికి, కడుపు నిండిపోయిందని లేవబోయాడు. బావ వాడి చెయ్యి పట్టుకుని మళ్ళీ కంచంలో పెట్టాడు. "మనలో మనకి మొహమాటమేంట్రా, కూచో!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దేనికైనా అదే మాట. చొక్కా చిరిగిందని చెప్పలేక చిరుగు చేత్తో మూసుకుని తిరుగుతుంటే అదే మాట. చదువు ఎక్కడం లేదని చెప్పలేక బడి గోడ పక్కన తచ్చాడుతుంటే, "మనలో మనకి మొహమాటమేంట్రా, రాకపోతే రాదను!" అని వీపు మీద ఒక్కటి చరిచి, మేస్త్రీ గడ్డం పట్టుకుని బతిమాలి షెడ్డులో పెట్టించాడు. ఆ మనిషంటే జెండాకి ప్రాణం. కథంతా అక్కడే ఉంది. ప్రాణం కాకపోయుంటే ఎప్పుడో చెప్పేసేవాడు.

మొదటిసారి పైపుల కట్ట దగ్గర తెలిసింది. మెల్లిగా దించమని జెండా వేళ్ళు కదిపాడు. కట్ట దభీమని నేలకి తగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి తిట్టారు. భోజనాల దగ్గర బావ, "ఏరా, మీ అక్క నీకు అన్నం పెట్టడం మానేసిందా? చేతులు ఎగరట్లేదు!" అని నవ్వాడు. వీడూ నవ్వాడు. మర్నాటి నుంచి చేతులు బారలు చాపి ఊపడం మొదలుపెట్టాడు. అది చాల్లేదు. మెరిసే నారింజరంగు గ్లౌజులు తొడిగాడు. అవీ చాలని రోజు వచ్చింది. అప్పుడే ఈల కొన్నాడు.

పొడుగ్గా ఒకటి ఊదితే దించు. పొట్టిగా రెండు ఊదితే ఎత్తు. ఎడమకి మూడు, కుడికి నాలుగు. ఎడతెగకుండా ఊదితే ఆగు. ఈ భాష వాళ్ళలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. వీడు చేతులు ఊపుతూ ఊదుకుంటూ పోయాడు, ఆయన వింటూ పోయాడు. "ఈ ఈలేంట్రా కొత్తగా?" అని బావ ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతిదానికీ ఎకసెక్కం ఆడే మనిషి, దీని గురించి మాత్రం కిమ్మనలేదు. అడగలేదంటేనే అర్థం కావాలి. జెండాకి అర్థమైంది.

ఇంట్లోనూ అదే తంతు. బావ "మోకాలు పట్టేసిందిరా, నువ్వు తోలు" అని స్కూటర్ తాళం వీడి చేతిలో పెట్టాడు. మోకాలు పట్టేసినవాడు రోజూ క్రేను నిచ్చెన ఎలా ఎక్కుతున్నాడో ఎవరూ అడగలేదు. అక్క కంచం పెడుతూ, "కూర కుడివైపు వేశాను, నీళ్ళు ఎడమ చేతి దగ్గరున్నాయి" అని పైకి అంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అనని మాటలు! గదిలో కుర్చీలు, బల్ల, బకెట్టు గీత గీసినట్టు ఉన్నచోటే ఉంటున్నాయి. ఒక్కోసారి అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఇద్దరి నోటి దాకా ఏదో వచ్చేది. "పాలు పొంగుతున్నాయేమో" అని ఆమె లేచేది. పొయ్యి మీద పాలే ఉండేవి కావు.

ఇదేం మొహమాటమండీ? మనకి ఇలాంటి వాటికి మాటలకేం కరువు లేదు. చుట్టాలింట్లో రెండోసారి అడగలేకపోతే మొహమాటం. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలకపోతే బిడియం. తలెత్తి నడవలేకపోతే నామోషీ. నలుగురిలో పనికిరాని మాట అంటే ఎబ్బెట్టు. అడుగు ముందుకి పడకపోతే సంకోచం. చావింట్లో నవ్వొస్తే దానికి మాత్రం పేరు లేదు. వీడిది వీటిలో ఏదో ఒకటైతే ఎలాగో బతికిపోయేవాడు. వీడికి అన్నీ కలిసి ఒక్కటై గొంతులో వెలక్కాయలా పడ్డాయి. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, సగం చెప్పి ఆపేస్తారు అందరూ. ఆ రెండో సగం ఏ అనర్థానికైనా సరిపోతుంది.

చెప్తే ఏమవుతుంది? బావ పని పోతుంది. పనితోపాటు కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇల్లూ పోతుంది. అన్నిటికంటే, ఆ క్యాబిన్‌లో రాజులా కూర్చునే మనిషి వాకిట్లో కుర్చీకి అతుక్కుపోతాడు. చెప్పకపోతే? క్రేను కొక్కెం కింద మనుషులు తిరుగుతుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కొక్కెం కింద అందరికంటే ఎక్కువ తిరిగేది చైను తాత. బరువులకి చైన్లు చుట్టి కొక్కేనికి తగిలించే పని ఆయనది. గడ్డమంతా నెరిసింది గానీ చేతులు ఇంకా ఇనుమే. ఆ పెద్దాయన ఒకరోజు జెండాని పక్కకి పిలిచాడు.

"సరుక్కి వాటం లేకపోతే నేను చైను సర్దుకుంటాను. ఈ మధ్య మీ బావ నడపడంలోనే వాటం తప్పింది. ఏంట్రా సంగతి?"

జెండా చేతి గ్లౌజు సర్దుకున్నాడు. "నిద్ర చాలట్లేదు తాతా ఆయనకి."

"నిద్రేనా?"

"నిద్రే."

తాత వాడి మొహంలోకి కాసేపు చూశాడు. "సరే అయితే. నీ చేతిని నమ్ముకునే కదా దాని కింద దూరేది" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట జెండాని కుదురుగా ఉండనివ్వలేదు. ఇక లాభం లేదు, చెప్పేయాలనుకున్నాడు. ఎందుకంటే పెద్ద ట్యాంకు ఎత్తే రోజు దగ్గరికి వచ్చేసింది. గది అంత ట్యాంకు. పైగా ఒక పక్కకి లావుపాటి మూతి పొడుచుకొచ్చి, బరువంతా అటే ఉంది. వాటం లేని సరుకంటే అదీ. ఎత్తగానే ఊగుతుంది, ఊగితే ఎటు పోతుందో తెలీదు.

ముందురోజు అన్నాల దగ్గర నోరు తెరిచాడు. "బావా, మీతో ఓ మాట."

"చెప్పరా."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె వాడి వైపు చూడలేదు, గరిటె వైపే చూస్తోంది.

"ఏం లేదు బావా. కూర బాగుంది."

"అది నాతో చెప్తావేంట్రా? వండిన మనిషికి చెప్పు. మొహమాటపడకు!" అని బావ పగలబడి నవ్వాడు. అక్క నవ్వలేదు. గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున స్కూటర్ మీద రెండోసారి. బావ వెనక కూర్చుని వీడి భుజం పట్టుకున్నాడు. మొహం చూడక్కర్లేదు కదా, ఇదే మంచి అదను అనుకుని జెండా గాల్లోకి అరిచినట్టు అనేశాడు. "బావా, మీకు చూపు ఆనట్లేదు!"

"ఏంటీ?"

ఇంకోసారి అనాలి. అంతే కదా? అదే నోరు, అవే మాటలు. "టైర్లో గాలి తక్కువుందంటున్నా" అన్నాడు.

"కొట్టించు మరి" అన్నాడు బావ. విన్నాడో వినలేదో ఆ దేవుడికే తెలియాలి. భుజం మీద చెయ్యి మాత్రం దారంతా గట్టిగా బిగిసి ఉంది.

మూడోసారి నిచ్చెన దగ్గర. బావ బూటు మొదటి మెట్టు కోసం గాల్లో వెతుక్కుంటుంటే జెండా చూడలేకపోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇవాళ ఎక్కకండి బావా. ఒంట్లో బాలేదని చెప్తాను."

"ఎవరి ఒంట్లో?"

బావ తల వంచుకుని మెట్టు తడిమి కాలు పెట్టాడు. రెండు మెట్లు ఎక్కాక, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఇవాళ పెద్ద సరుకు. గట్టిగా ఊదు."

ఈల మాట బావ నోట వినడం అదే మొదటిసారి. ఇద్దరికీ తెలుసన్న సంగతి ఇద్దరికీ తెలిసిపోయింది. అప్పటికైనా కాలు పట్టి కిందికి లాగాల్సింది. లాగలేదు. పైగా వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ప్రేమతో! ప్రేమ, తగలెయ్య.

సరిగ్గా ట్యాంకుకి చైన్లు బిగించే వేళకి పక్క బేలో, అంటే షెడ్డు పక్క భాగంలో, కంప్రెసరు మొదలైంది. ఇసక కొట్టి తుప్పు వదలగొట్టే పని. ఆ హోరుకి పక్కవాడి మాట కూడా వినపడదు. జెండా మేస్త్రీ దగ్గరికి పరిగెత్తి చెవిలో అరిచాడు.

"కంప్రెసరు కాసేపు ఆపించండి!"

"ఎందుకు?" మేస్త్రీ చిరాగ్గా చూశాడు. "నీది చేతుల పనేగా? చెవులతో ఏం పని నీకు?"

అవునన్నట్టు తల ఊపాడు జెండా. అవునట! ఎదుటివాడు అడిగితే తల దానంతటదే ఊగుతుంది కొందరికి. వెనక్కొచ్చి తన చోట నిలబడ్డాడు. పళ్ళ మధ్య ఈల బిగించి, గొంతు నరాలు తేలేలా రెండు పొట్టివి ఊదాడు. ట్యాంకు లేచింది. హమ్మయ్య, వినపడుతోంది అనుకున్నాడు.

వినపడలేదు. చైను బిగుసుకున్న కుదుపుని బట్టి బావ అలవాటు కొద్దీ ఎత్తాడు, అంతే. ట్యాంకు నేల వదలగానే మూతి ఉన్న వైపుకి ఒరిగి ఊగడం మొదలుపెట్టింది. తాత దాన్ని నిలబెట్టడానికి తాడు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. ఆయన వెనక ఇనప స్తంభం. జెండా రెండు చేతులూ బార్లా చాపి ఆగమన్నాడు. ఊపిరి ఆగిపోయేదాకా ఊదాడు. ట్యాంకు ఆగలేదు. ఎత్తాక ఎప్పుడూ పోయే వైపే బావ అలవాటుగా నడిపేస్తున్నాడు. ఎడమకి, ఇంకా ఎడమకి, స్తంభం వైపు పోతోంది. నారింజరంగు చేతులు గాల్లో కొట్టుకుంటున్నాయి. పైన అద్దంలో బావ మొహం తిన్నగా ముందుకే చూస్తోంది, ప్రశాంతంగా.

"తాతా! తప్పుకో!"

ఎవరికి వినపడింది? జెండా మెయిన్ స్విచ్చు దగ్గరికి పరిగెత్తాడు. గ్లౌజులతో పిడి జారింది. వాటిని పీకి పక్కనున్న డ్రమ్ము మీదికి విసిరి, ఉత్త చేతులతో లాగాడు. క్రేను ఆగింది, ఆ బేలో దీపాలన్నీ ఆరిపోయాయి. అప్పటికే తాత కుడిచెయ్యి ట్యాంకుకీ స్తంభానికీ మధ్య ఇరుక్కుపోయింది. హోరులో ఆయన కేక వినపడలేదు. తెరిచిన నోరే కనపడింది.

జనం మూగారు. ట్యాంకుని పదిమంది కలిసి తోసినా కదల్లేదు. కరెంటు పోతే క్రేను ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. మళ్ళీ కరెంటు ఇచ్చి, ట్యాంకుని బెత్తెడు కుడికి లాగితేనే చెయ్యి వస్తుంది. బెత్తెడు ఎడమకి పోతే చెయ్యి కాదు, మనిషే పోతాడు. రెండో డ్రైవరు సాయంత్రం గానీ రాడు.

మేస్త్రీ జెండా భుజాలు పట్టి ఊపేశాడు. "స్విచ్చు వేయిస్తాను! మీ బావకి సైగ చెయ్యి! కుడికి లాగమను!"

"చెయ్యలేను."

"ఏం?"

"ఆయనకి... అంటే... ఆయన..."

"గట్టిగా ఏడవరా!"

జెండా ఊపిరంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు. "మా బావకి కళ్ళు కనపడవు!"

సరిగ్గా అదే క్షణాన పక్క బేలో ఎవరో కంప్రెసరు ఆపారు.

ఖంగుమంది ఆ మాట. ఇనప రేకుల కప్పుకి తగిలి, ఇన్నాళ్ళూ దాచినదంతా కలిపి షెడ్డంతా తిరిగింది. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంలో అందరి తలలూ క్యాబిన్ వైపు లేచాయి. బావకీ వినపడింది. వినపడిందని కూర్చున్న తీరులోనే తెలిసింది. నిటారుగా ఉండే వీపు మెల్లిగా ముందుకి వంగింది.

"ఈలే వింటాడు" అన్నాడు జెండా. ఏడుస్తున్నాడు, ఏడుస్తున్నానన్న స్పృహ లేదు. "నెలల నుంచీ ఈలతోనే నడుపుతున్నాడు. ఎవరూ మాట్లాడకండి. మీ కాళ్ళు మొక్కుతా, ఎవరూ దగ్గకండి."

దీపాలు వెలిగాయి. తాత పళ్ళ సందున మూలుగుతూ జెండా కళ్ళలోకే చూస్తున్నాడు. జెండా ఈల నోట్లో పెట్టుకున్నాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి పొట్టిగా నాలుగు పలికాయి.

పైన క్రేను నిట్టూర్చినట్టు కదిలింది. ట్యాంకు కుడికి జరిగింది, వేలెడంత. మళ్ళీ నాలుగు. ఇంకో వేలెడు. మళ్ళీ. కళ్ళున్న ఏ డ్రైవరూ అంత మెత్తగా లాగలేడు. తాత జారి కూలబడ్డాడు. ఎడతెగని ఈలకి ట్యాంకు గాల్లో ఠక్కున ఆగింది.

తాతని స్ట్రెచర్ మీద ఎత్తారు. మోచెయ్యి కింద చెయ్యి చెయ్యిలా లేదు. జెండా పక్కనే నడుస్తూ "తాతా" అన్నాడు. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

"నిద్రన్నావు కదరా" అన్నాడు, అంతే.

వాళ్ళు వెళ్ళిపోయాక షెడ్డంతా నిచ్చెన వైపు తిరిగింది. బావ దిగుతున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడనిది, చూసినా పట్టించుకోనిది ఇప్పుడు అందరూ చూస్తున్నారు. ఒక్కో మెట్టుకీ బూటు గాల్లో వెతుకుతోంది. ఎవరైనా వెళ్ళి పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఏమనుకుంటాడోనని ఒక్కరూ కదల్లేదు.

నేల మీదికి దిగాడు. తల అటూ ఇటూ తిప్పాడు. నారింజరంగు ఒక పక్క కనపడినట్టుంది. అటు నడిచాడు. రెండడుగుల దూరంలో ఆగాడు.

"మనలో మనకి మొహమాటమేంట్రా" అన్నాడు. "ముందే ఒక్క మాట గట్టిగా అంటే ఎక్కేవాణ్ణా నేను? తాత చెయ్యి పోయేదా? చెప్పు."

డ్రమ్ము ఏం చెప్తుంది? దాని మీద గ్లౌజులు ఊరికే పడి ఉన్నాయి.

"పలకవేంరా?"

ఒక్కరు నవ్వితే ఒట్టు. మేస్త్రీ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. జెండా బావకి వెనక, స్తంభం దగ్గరున్నాడు. వాడికి మొదట ఏం తోచిందో తెలుసా? చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ఆ గ్లౌజుల వెనక నిలబడదామని! ఇంత జరిగాక కూడా! ఒక అడుగు వేశాడు కూడా. బూటు కింద తడిగా జారింది. కిందికి చూస్తే తాత నెత్తురు.

ఆగిపోయాడు.

"బావా, నేనటు లేను" అన్నాడు. "మీరు మాట్లాడుతోంది డ్రమ్ముతో. నేను మీ వెనకున్నాను."

బావ తిరగలేదు. చెయ్యి చాపి, ముందుకి వంగి, ఆ గ్లౌజుల్ని తాకి చూశాడు. లోపల వేళ్ళు లేవని తెలిశాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంత పోయిందా నాకు?" అన్నాడు నెమ్మదిగా. "కొంచెం మసకే అనుకున్నానురా. నువ్వు ఊదుతుంటే అన్నీ సరిగ్గా జరిగిపోయేవి కదా. ఇంకా కొంచెం ఉందనే అనుకున్నాను."

జెండా దగ్గరికి వచ్చాడు.

"ఇంటికి పద. మీ అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకు."

"అక్కకి తెలుసు బావా. కూర ఎటుందో, నీళ్ళు ఎటున్నాయో చెప్పేది అందుకే."

భుజం కోసం చాచిన బావ చెయ్యి మధ్యలో ఆగింది.

"అందరికీ తెలుసన్నమాట" అన్నాడు. "నాకొక్కడికే తెలీదు."

జెండా ఆ చెయ్యి అందుకుని తన భుజం మీద పెట్టుకున్నాడు. గేటు దాకా ఎక్కడ మెట్టుందో, ఎక్కడ పట్టా అడ్డమొస్తుందో పైకి చెప్తూ, అందరి ముందూ నడిపించుకుపోయాడు.